పార్కిన్సన్ వ్యాధిలో మలబద్ధకం: పెరుగు, సల్ల, పొట్లాల మందుల గురించి మా మాట



పార్కిన్సన్ వ్యాధి ఉన్నవారి ఇళ్లలో ఈ మధ్య ప్రోబయోటిక్ అనే మాట బాగా వినబడుతోంది. ఫోనులో వచ్చిన వీడియో చూసి కొందరు, మందుల దుకాణంలో అడిగి కొందరు పొట్లాలు కొని తెచ్చి మా ముందు పెడుతున్నారు. "దీంతోని వణుకుడు తగ్గుతదట గదా సిస్టరమ్మా, మాత్రలు బంద్ చెయ్యొచ్చా?" అని అడుగుతున్నారు. ఇంటి పెద్దలు దానికి ఎదురు చెబుతారు. "గీ పొట్లాలెందుకు? మా అవ్వ సద్దన్నం తిని తొంభై ఏండ్లు బతికింది" అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది, కొంత ప్రమాదమూ ఉంది.

మా అభిప్రాయం ముందే చెబుతాం. పులిసిన ఆహారం కడుపుకు మంచిదే, తినండి. అయితే అది పార్కిన్సన్ మాత్రకు బదులు కాదు. మాత్ర, పెరుగు ఒకే వేళకు కడుపులో పడకూడదు. రోగి రోజుకు ఎన్ని నీళ్లు తాగుతున్నారు, మరుగుదొడ్డికి ఎలా వెళ్తున్నారు అన్నది చూడకుండా పొట్లాల మీద డబ్బు పెట్టడం దండుగ.

వణుకుడు జబ్బు అనగానే అందరి చూపూ చేతి మీదికే పోతుంది. కడుపు సంగతి ఎవరూ అడగరు. కానీ ఈ జబ్బు ఉన్నవారిలో సగానికి పైగా మలబద్ధకంతో బాధపడతారు. చాలామందికి అది చేయి వణకడానికి ఏళ్ల ముందే మొదలవుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బును వివరిస్తూ రాసిన చిన్న పుస్తకంలోనే పేగులు మందగించడం గురించి ఉంది. హవాయి దీవుల్లో జపాన్ సంతతి పురుషులను ఏళ్ల తరబడి గమనించిన ఒక పరిశీలన 2001లో వెలువడింది. రోజుకు ఒకసారి మలవిసర్జన అయ్యేవారితో పోలిస్తే, అంతకంటే తక్కువ అయ్యేవారికి తర్వాతి కాలంలో ఈ జబ్బు రావడం 2.7 రెట్లు ఎక్కువగా ఉందని అందులో తేలింది. మలబద్ధకం ఉన్నవారందరికీ పార్కిన్సన్ వస్తుందని దీని అర్థం కాదు, ఎవరూ భయపడవద్దు. మలబద్ధకం ఉన్నవారిలో ఎక్కువమందికి ఈ జబ్బు ఎన్నటికీ రాదు.

మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు తగ్గిపోవడం వల్ల వణుకు, బిగుసుకుపోవడం, నడక మందగించడం కలుగుతాయి. ఆ కణాల్లో ముద్దలుగా పేరుకునే ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీను పేగుల గోడల్లోని నరాల్లో కూడా కనబడుతుంది. జబ్బు కొందరిలో పేగుల దగ్గరే మొదలై వేగస్ అనే నరం వెంట మెదడుకు ఎక్కుతుందేమోనని జర్మనీ శాస్త్రవేత్త బ్రాక్, ఆయన బృందం 2003లో ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. అందరిలోనూ అలాగే జరుగుతుందని రుజువు కాలేదు. మొదలు ఎక్కడైనా సరే, జబ్బు వచ్చాక పేగు నెమ్మదిగా కదులుతుంది, జీర్ణాశయం ఆలస్యంగా ఖాళీ అవుతుంది.

దీనివల్ల కడుపు ఉబ్బరం, ఆకలి లేకపోవడం ఎలాగూ ఉంటాయి. వాటికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది, అది చాలా ఇళ్లలో తెలియదు. లెవోడోపా మాత్ర రక్తంలో కలిసేది జీర్ణాశయంలో కాదు, చిన్నపేగులో. జీర్ణాశయం కదలకపోతే మాత్ర అక్కడే ఆగిపోతుంది. "మాత్ర పనిచేస్తలేదు, డోసు పెంచుమను" అని మాతో అనేవారిలో కొందరికి ముందుగా చక్కబెట్టవలసింది కడుపునే.

అయినా ఈ సంగతి ఎవరూ చెప్పరు. చేతులు వణుకుతున్నాయని, నడుస్తుంటే ముందుకు తూలుతున్నారని, రాత్రి నిద్రలో కేకలు వేస్తున్నారని చెబుతారు. నాలుగు రోజులుగా దొడ్డికి రాలేదన్న మాట మాత్రం డాక్టరు గారి గదిలో బయటికి రాదు. బయట బెంచీ మీద కూర్చున్నాక మా నర్సు చెవిలో చెబుతారు. సిగ్గు పడవలసిన పని లేదు. జ్వరం ఎంత ఉందో చెప్పినట్టే ఇదీ చెప్పండి.

ఇక నీళ్ల సంగతి. మేము పెద్దవాళ్ల పక్కన కూర్చుని మెల్లగా అడిగితే తరచుగా వినే జవాబు ఇది: "మాపటాల్ల సంది నీళ్లు ముట్ట బిడ్డా. రాత్రి లేస్తే కోడల్ని లేపాలె. పొద్దంత బీడీలు చేసి పంటది, పాపం." కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ వైపు ఇలాంటి ఇళ్లు ఎన్నో. కొడుకు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు, లేదంటే బొగ్గుబావిలో రాత్రి షిఫ్టుకు పోతాడు. ఇంట్లో కోడలు ఒక్కతే. ముసలామె ఆమెను ఇబ్బంది పెట్టలేక నీళ్లు మానుతుంది, తర్వాత తిండి కూడా తగ్గిస్తుంది. రామగుండం, మంచిర్యాల ఎండలు మనకు తెలియనివి కావు. ఆ ఎండల్లో రోజుకు మూడు గ్లాసుల నీళ్లతో గడిపే మనిషికి మలం రాయిలా గట్టిపడకుండా ఎలా ఉంటుంది? ఆమెకు మనం ఎంత ఖరీదైన పొట్లం ఇచ్చినా, ఎన్ని కుండల సల్ల చేసినా ఉపయోగం తక్కువే.

అందుకని మేము అడిగే మొదటి ప్రశ్న పెరుగు గురించి కాదు, మరుగుదొడ్డి గురించి. అది మంచానికి ఎంత దూరం? మెట్టు ఉందా? దీపం ఉందా? కింద కూర్చునే పద్ధతా, కమోడా? ఒళ్లు బిగుసుకుపోయే జబ్బులో కింద కూర్చున్న మనిషి తిరిగి లేవడం కష్టం. పడిపోతానన్న భయంతోనే చాలామంది వెళ్లకుండా ఆపుకుంటారు. ఆపుకున్న కొద్దీ మలం గట్టిపడుతుంది. మంచం పక్కన కమోడ్ కుర్చీ ఒకటి పెట్టండి. దాని మీద కూర్చున్నప్పుడు కాళ్ల కింద చిన్న పీట వేస్తే మోకాళ్లు పైకి లేచి మలం సులువుగా వస్తుంది. రోజులో తాగవలసిన ఆరు నుంచి ఎనిమిది గ్లాసుల నీళ్లలో ఎక్కువ భాగం సాయంత్రం ఐదు లోపలే తాగించండి, అప్పుడు రాత్రి లేచే బాధ తగ్గుతుంది. (గుండె, మూత్రపిండాల జబ్బు ఉండి నీళ్లు కొలిచి తాగమన్నవారు ఆ కొలతే పాటించాలి.) తిన్న తర్వాత పేగు సహజంగా కదులుతుంది. కాబట్టి ఉదయం ఛాయ్ లేదా సద్ది అయ్యాక వచ్చినా రాకున్నా పది నిమిషాలు కూర్చోబెట్టండి. ఇంట్లో ఉన్న మగవారు కూడా ఈ పనికి చేయి వేయాలి. తల్లిని కుర్చీ దాకా నడిపించడం కోడలి పని మాత్రమే అని ఎక్కడా రాసి లేదు.

ఇప్పుడు తిండి విషయానికి వద్దాం. మన రెండు పాత జిల్లాల్లో ఒకప్పుడు జొన్నే ప్రధానం. జొన్న రొట్టె, గట్క, అంబలి తినేవారు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో జొన్న జావ లేని రోజు ఉండేది కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పటి నుంచి ఆకలి తగ్గింది, అది చిన్న మేలు కాదు. దానితో పాటే పళ్లెంలో జొన్న తగ్గి తెల్లన్నం పెరిగింది. 2025 ఉగాది నుంచి రేషనులో సన్నబియ్యం ఇస్తున్నారు. అన్నం రుచిగా ఉంటుంది, కానీ పాలిష్ పట్టిన బియ్యంలో పీచు చాలా తక్కువ. పేగులోని మేలు చేసే సూక్ష్మజీవులకు ఆహారం ఆ పీచే. పెరుగు వేసి పీచు తీసేస్తే, పశువులను కొని తెచ్చి గడ్డి వేయనట్టే. రోజుకు ఒక పూటైనా జొన్న రొట్టె లేదా గట్క, పుంటికూరో పాలకూరో ఏదో ఒక ఆకుకూర, గోరుచిక్కుడు, చిక్కుడు, ఒక జామకాయ లేదా బొప్పాయి ముక్కలు ఉండేలా చూడండి. నమలడం కష్టమైనవారికి రొట్టెను పప్పులో నానబెట్టి మెత్తగా పెట్టండి.

పులిసిన వాటిలో పెరుగు, సల్ల మనకు అన్నిటికంటే దగ్గరివి. పాలలో తోడు వేసినప్పుడు లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బాక్టీరియా పెరిగి పాలను పెరుగు చేస్తాయి. అవి ప్రాణంతో ఉన్నప్పుడే ఆ మేలు. వేడి వేడి అన్నంలో కలిపినా, మజ్జిగచారు మరిగించినా చాలా వరకు చచ్చిపోతాయి. ఇడ్లీ, దోశ పిండి పులిసినదే అయినా ఆవిరి మీద, పెనం మీద ఉడికేసరికి అందులో ప్రాణంతో ఏమీ మిగలవు. ఇడ్లీ మెత్తగా ఉంటుంది, మింగడానికి తేలిక, తినండి. ప్రోబయోటిక్ అని మాత్రం లెక్క వేయవద్దు. అంబలికి జొన్నపిండి రాత్రి నానబెట్టి పులియబెట్టి పొద్దున కాస్తాం గదా, కాచిన తర్వాత బాగా చల్లార్చి అప్పుడు సల్ల కలపండి. పీచూ అందుతుంది, ప్రాణమున్న బాక్టీరియా కూడా అందుతాయి. మా దృష్టిలో ఈ ప్రాంతపు పార్కిన్సన్ రోగికి ఇంతకంటే మంచి, చౌకైన పదార్థం లేదు.

సద్దన్నం గురించి ఒక జాగ్రత్త. వండిన అన్నాన్ని ఎండాకాలం రాత్రంతా ఉక్కలో మూత పెట్టి వదిలేస్తే మేలు చేసేవే కాదు, వాంతులు, విరేచనాలు తెచ్చే క్రిములు కూడా పెరుగుతాయి. అన్నం చల్లారగానే శుభ్రమైన గిన్నెలో మంచినీళ్లు లేదా సల్ల పోసి చల్లని చోట పెట్టండి, పొద్దున్నే తినేయండి. మధ్యాహ్నం దాకా ఉంచవద్దు. వాసన మారినా, జిగట వచ్చినా పారవేయండి.

అసలు చిక్కు సద్దన్నంలో లేదు, సద్దన్నంతో మాత్ర వేసుకోవడంలో ఉంది. మన పల్లెల్లో పొద్దుటి మాత్ర సద్ది తిన్నాకనో, తింటూనో వేసుకోవడం అలవాటు. "ఖాళీ కడుపుల గోళీ ఏసుకుంటే కడుపుల మంట లేస్తది" అని అందరూ నమ్ముతారు. కొన్ని మందులకు ఆ మాట నిజమే. లెవోడోపాకు కాదు. ఈ మందు పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్లే దారి, ప్రోటీనులోని అమైనో ఆమ్లాలు వెళ్లే దారి ఒకటే. పెరుగు, పాలు, పప్పు, గుడ్డు, మాంసం మాత్రతో కలిసి వస్తే ఇరుకు సందులో బర్ల మంద, సైకిల్ ఎదురుపడ్డట్టే. సైకిల్ ఆగిపోతుంది. సద్దిలో గట్టి పెరుగు వేసుకుని మాత్ర మింగినవారికి పది గంటల దాకా ఒళ్లు కదలకపోవడానికి ఇదొక కారణం.

సిండోపా వంటి లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్రను తిండికి కనీసం అరగంట ముందు, లేదా తిన్న ఒక గంట తర్వాత, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. ఆరింటికి మాత్ర, ఏడింటికి సద్ది అనుకోండి. వికారం వచ్చేవారు మాత్రతో రెండు బిస్కెట్లు తినవచ్చు, పాలు మాత్రం వద్దు. రక్తహీనతకు ఇచ్చే ఐరన్ మాత్ర కూడా దీనితో కలిపి వేసుకోకూడదు, అదీ దీని పని తగ్గిస్తుంది. ఇంత చెప్పామని పప్పు, పెరుగు పూర్తిగా మానేయవద్దు. అలా మానేసి కండ కరిగి మంచం పట్టినవారు ఉన్నారు. వేళ మార్చండి, తిండి మానవద్దు. ఉపవాస ప్రార్థన రోజుల్లో కూడా మాత్ర, నీళ్లు మానకూడదు. లెవోడోపా ఒక్కసారిగా ఆపితే ఒళ్లు కొయ్యలా బిగుసుకుని, తీవ్రమైన జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. పొట్లం మొదలుపెట్టి మాత్ర ఆపాలనుకునేవారు ఈ వాక్యాన్ని ఇంకొకసారి చదవండి.

మరి పొట్లాలు, గుళికలు పనిచేస్తాయా? మలబద్ధకానికి కొంత పనిచేస్తాయి. ఇటలీలో 120 మంది పార్కిన్సన్ రోగులకు నాలుగు వారాలు, కొందరికి అనేక రకాల ప్రోబయోటిక్ బాక్టీరియా, పీచు కలిపిన పులిసిన పాలు, మిగతావారికి అవి లేని పానీయం ఇచ్చి చూశారు. 2016లో ఫలితం వచ్చింది. ప్రోబయోటిక్ పాలు తాగినవారికి వారానికి సుమారు ఒకసారి ఎక్కువగా పూర్తి మలవిసర్జన అయింది. మలేషియాలో 72 మందికి గుళికలతో చేసిన పరీక్ష 2021లో వెలువడింది. అక్కడా వారానికి ఒకసారి పెరిగింది, ఉత్తుత్తి గుళిక తీసుకున్నవారికి పెరిగింది 0.3 మాత్రమే. వారానికి ఒక్కసారేనా అని నవ్వవద్దు. వారానికి రెండుసార్లు మాత్రమే అయ్యే మనిషికి మూడోసారి పెద్ద ఊరట.

వణుకు తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న. ఇరాన్‌లో 60 మందితో 12 వారాలు జరిపిన పరీక్షలో కదలికల్లో కొంత మెరుగు కనబడిందని 2019లో రాశారు. అంత చిన్న పరీక్ష ఒక్కదాన్ని చూసి మాత్ర మానుకునే ధైర్యం మేము ఎవరికీ ఇవ్వలేము. ప్రోబయోటిక్ పార్కిన్సన్‌ను నయం చేస్తుందని, జబ్బు ముదరకుండా ఆపుతుందని ఇప్పటిదాకా రుజువు లేదు. అలా అమ్మేవారు అబద్ధం అమ్ముతున్నారు.

కొనదలచినవారు డాక్టరు గారిని అడిగి కొనండి. దుకాణంలో దొరికే చాలా పొట్లాలు పిల్లల విరేచనాలకు వాడేవి. ఒక్కొక్క రకం బాక్టీరియా పని ఒక్కోలా ఉంటుంది, ఒకదానికి బదులు ఇంకొకటి కుదరదు. కొన్ని పొట్లాల మీద స్ట్రెప్టోకోకస్ ఫీకాలిస్ అని ఉంటుంది. అది ఎంటెరోకోకస్ ఫీకాలిస్‌కు పాత పేరు. ఈ జాతి బాక్టీరియా మన పేగుల్లోనూ ఉంటుంది. అది లెవోడోపాను మెదడుకు చేరకముందే పేగులోనే డోపమిన్‌గా మార్చగలదని నెదర్లాండ్స్, అమెరికా శాస్త్రవేత్తలు 2019లో చూపించారు. పొట్లంలోని రకం వల్ల మాత్ర పని తగ్గుతుందని మనుషుల్లో తేలలేదు. అయినా ఆ పొట్లాన్ని డాక్టరు గారికి చూపకుండా మొదలుపెట్టవద్దు. చల్లగా ఉంచమని రాసిన సీసాలు మే నెల బస్సులో సంచిలో వస్తే అందులో బతికి ఉండేవి ఎన్నో ఆలోచించండి. గల్ఫ్ నుంచి పెట్టెలో వచ్చే సీసాలకూ ఇదే మాట. తియ్యని పులిసిన పాల సీసాల్లో చక్కెర ఉంటుంది, షుగరు జబ్బు ఉన్నవారు చూసుకోవాలి. క్యాన్సర్ మందులు, స్టెరాయిడ్లు వాడుతూ రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి, ఐసీయూలో ఉన్నవారికి ఈ బతికున్న బాక్టీరియానే రక్తంలోకి చేరి హాని చేసిన సందర్భాలు ఉన్నాయి. వారికి అసలు వద్దు.

ఒక నెల వాడి చూడండి. మార్పు లేకపోతే ఆపేయండి. ఆ డబ్బుతో ఒక కమోడ్ కుర్చీ కొనవచ్చు.

ఇక కల్లు. ఈ ప్రశ్న అడగడానికి మొగవాళ్లు కొంచెం నవ్వుతారు, కానీ అడుగుతారు. "కల్లు గూడ పులిసిందే గదమ్మా, అది గూడ కడుపుకు మంచిదే గద?" నిజమే, తాటికల్లు, ఈతకల్లు పులిసినవే, అందులో ఈస్టు, బాక్టీరియా ఉంటాయి. కానీ కల్లులో మద్యం కూడా ఉంటుంది. పార్కిన్సన్ రోగికి లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయే స్వభావం ఉంటుంది, మద్యం దాన్ని ఇంకా పెంచుతుంది. పడి తుంటి ఎముక విరిగితే ఆ మనిషి మళ్లీ నడవడం కష్టం. ఇది చెట్టు కింద తాగే అసలు కల్లు సంగతి. డిపోల్లో దొరికే కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ వంటి నిద్ర మందులు కలపడం మన రాష్ట్రంలో అందరికీ తెలిసిన విషయం. 2015లో పొరుగున ఉన్న నిజామాబాద్ ప్రాంతంలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు, దానికి అలవాటు పడినవారు పిచ్చి ప్రవర్తనతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వచ్చారు. రోజూ తాగే అలవాటు ఉన్న రోగి ఇంట్లో ఉంటే దాచకుండా మాకు చెప్పండి. ఒక్కసారిగా మాన్పించకుండా, డాక్టరు గారి పర్యవేక్షణలో మెల్లగా మాన్పించాలి. మేము తిట్టము.

తొక్కుల గురించి రెండు ముక్కలు చాలు. మన మామిడి తొక్కు నూనె, ఉప్పు, కారంతో నిలవ ఉండేది. దాని నుంచి మేలు చేసే బాక్టీరియా అందుతుందని ఆశపడవద్దు, ఉప్పు మాత్రం బాగా అందుతుంది.

చివరగా మింగడం గురించి. దీన్ని మేము ప్రతిరోజూ వార్డులో చూస్తాం కాబట్టి కొంచెం గట్టిగా చెబుతున్నాం. పార్కిన్సన్ ముదిరిన కొద్దీ గొంతు కండరాలు కూడా మందగిస్తాయి. పలుచని నీళ్ల సల్ల గబుక్కున గొంతు దాటి ఊపిరితిత్తుల దారిలో పడవచ్చు, దానివల్ల న్యుమోనియా వస్తుంది. సల్లలో మెతుకులు తేలే సద్దన్నం ఇంకా కష్టం, ఎందుకంటే నోట్లో నీళ్లు ఒక వేగంతో, మెతుకులు ఒక వేగంతో పోతాయి. తింటుంటే దగ్గు వచ్చేవారికి, తాగాక గొంతు బొంగురుగా నీళ్లు నిలిచినట్టు వినబడేవారికి పలుచని సల్ల ఆపి గట్టి పెరుగు, చిక్కటి అంబలి చెంచాతో ఇవ్వండి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, ఒక చెంచా మింగిన తర్వాతే ఇంకో చెంచా ఇవ్వండి. తిన్నాక అరగంట పడుకోబెట్టవద్దు. ఇసబ్‌గోల్ వాడేవారికీ ఒక హెచ్చరిక: అది నిండు గ్లాసు నీళ్లతోనే వేసుకోవాలి. నీళ్లు తక్కువైతే గొంతులోనో పేగులోనో ఉబ్బి అడ్డుపడుతుంది. సరిగ్గా మింగలేనివారికి అది వద్దు. వేరే పొడి మందులు, సిరప్‌లు ఉన్నాయి, డాక్టరు గారు రాస్తారు. వారం వారం ఆముదం తాగించడం కూడా మంచి పద్ధతి కాదు.

వాడుతున్న మందులన్నీ ఒకసారి చూపించడం మరిచిపోవద్దు. వణుకుకు ఇచ్చే పాసిటేన్ మలబద్ధకాన్ని పెంచుతుంది, వయసు మళ్లినవారిలో మతిమరుపు, గందరగోళం తెస్తుంది. దాన్ని మీ అంతట మీరు ఆపకండి, అడగండి. వాంతులకు ఊళ్లో వేసే పెరినార్మ్, స్టెమెటిల్ పార్కిన్సన్‌ను ఇంకా ఎక్కువ చేస్తాయి. "మాకు వణుకుడు జబ్బు ఉంది, ఆ సూది వద్దు" అని ముందే చెప్పండి.

కడుపు ఉబ్బి గట్టిపడి, వాంతులు అవుతూ, గాలి కూడా పోకపోతే, మలంలో రక్తం పడితే ఇంటి వైద్యంతో ఆలస్యం చేయక వెంటనే తీసుకురండి. అలాంటిదేమీ లేక మామూలుగా ఓపీకి వచ్చేవారు రెండు వారాలు ఒక చిన్న నోట్‌బుక్కులో రాసుకుని రండి. మాత్ర ఏ వేళకు, తిండి ఏ వేళకు, ఎన్ని గ్లాసుల నీళ్లు, దొడ్డికి ఏ రోజు అయింది. చదువు రానివారు గోడ క్యాలెండరులో దొడ్డికి అయిన రోజుకు బొగ్గుతో ఒక గీత పెట్టినా చాలు. ఆ కాగితం చింపి తెచ్చి మా నర్సు చేతికి ఇవ్వండి.